మేస్త్రి పసుపు ముడి

ఏ బండి వచ్చినా ముందు ఆయన చెప్పులు విడిచేవాడు. రెండూ షెడ్డు గోడ వారన జతగా పెట్టి, ఇంజన్ ఆన్ చేయమని చేత్తో సైగ చేసి, ఒట్టి పాదం ఒకటి ముందు బంపరు మీద మోపి నిలబడేవాడు. కళ్లు మూసుకునేవాడు కాదు. ఎదురుగా రోడ్డు మీద పోయే బస్సుల వైపు చూస్తూ ఉండేవాడు, ఆ బండితో తనకేమీ పని లేనట్టు. మొదటిసారి చూసినవాళ్లు ఇదేదో పూజ అనుకునేవారు. నేనూ అట్లాగే అనుకుని అడిగాను.

“చెవి అబద్దం సెప్తాది సార్. పక్కన లారీ పోతే అదే మన ఇంజన్ అంటాది. పాదం అట్ల గాదు. తాకినదాన్నే సెప్తాది.”

పోయిన గురువారం ఆయన పోయాడు. జిల్లా పేజీకి నాలుగు లైన్లు రాసివ్వమని ఆఫీసు నుంచి ఫోను చేశారు. పేరు, వయసు, ఎంతమంది పిల్లలు, అంత్యక్రియలు ఎక్కడ. అలాంటి నాలుగు లైన్లు ఇన్నేళ్లలో ఎన్ని రాశానో లెక్క లేదు. ఆ రోజు మాత్రం కుదరలేదు. ఆయన వయసు నాకు తెలియదు. అడిగితే “బండికా, నాకా?” అనేవాడు. పేరు తెలుసు. కానీ షెడ్డుకు బోర్డు కూడా పెట్టుకోని మనిషి పేరు పేపర్లో వేస్తే ఆయన ఏమనేవాడో అది కూడా తెలుసు. అందుకని ఇక్కడా రాయడం లేదు. చిత్తూరులో బండి ఉన్న చాలామందికి ఆయన మేస్త్రి.

పాత బెంగళూరు రోడ్డు పక్కన టైర్ల కొట్టుకూ టీ అంగడికీ మధ్య ఆయన షెడ్డు. రేకుల కప్పు. కింద సిమెంటు నేల, రోజూ పొద్దున కిరోసిన్‌తో తుడిచి ఉండేది. ఇంజన్ తిరుగుతుండగా ఎవరైనా మాట్లాడితే ఆయన చెయ్యి ఎత్తి ఆపేవాడు. నేను పేపరువాణ్ణి కాబట్టి ప్రశ్నలు ఆగవు. “మీ పని అడిగేది, నా పని వినేది. ఇద్దురూ ఒకేసారి పని సేస్తే ఎట్లా సార్?” అనేవాడు.

బండి తోలుతూ ఫోను మాట్లాడేవాళ్లంటే ఆయనకు మంట. ఒక పాల వ్యాపారి చెవి దగ్గర ఫోను పెట్టుకునే షెడ్డులోకి బండి తిప్పాడు ఒకసారి. మేస్త్రి ఎదురెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి ఆపాడు.

“యెనక్కి తీస్కో. మాట్లాడేది ముగించి, సల్లగా టీ తాగి, అప్పుడు రా.”

“అర్జెంటు మేస్త్రీ!”

“అయితే పోయి ఫోను రిపేరు సేయించుకో. నాది బండ్ల షెడ్డు.”

టాక్సీ డ్రైవర్లకు ఈ మాట పదేపదే చెప్పి చెప్పి, దారిలో ఉన్నప్పుడు ఎవరు చేసినా ఎత్తని అలవాటు చేశాడు. తనకై తానుగా ఏ డ్రైవరుకూ ఆయన ఎప్పుడూ ఫోను చేసేవాడు కాదు. ఎక్కడ ఉంటాడో, ఏ మలుపులో ఉంటాడో మనకేం తెలుసు అనేవాడు.

ఇక ముడి సంగతి. పని ముగిశాక, బండి అప్పగించే ముందు, బిగించిన ప్రతి నట్టునూ స్పానర్‌తో మళ్లీ ఒకసారి తాకేవాడు. చివరి నట్టు అయ్యాక చేతులు కడుక్కొని, పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పీలిక తీసి, పాత బేరింగులోని చిన్న ఉక్కు గుండు ఒకటి అందులో పెట్టి, బానెట్ కింద ముందువైపు అడ్డంగా ఉండే ఇనుప పట్టీకి కట్టేవాడు. “కడిగినా, తడిసినా విప్పొద్దు. నా ముడి నేనే విప్పాల” అని చెప్పి తాళం చేతికిచ్చేవాడు. మళ్లీ సర్వీసుకు వచ్చినప్పుడు పాతది తీసి కొత్తది కట్టేవాడు. వెంకన్న ముడుపు లాంటిదే ఏదో అని అందరూ అనుకునేవారు. కొండకు యాత్రికులను తీసుకెళ్లే టాక్సీలవాళ్లయితే, ఆ ముడి లేకుండా బండి కదిలించేవాళ్లు కాదు. ఎందుకు కడతావని నేను రెండు మూడుసార్లు అడిగాను. పక్కకు తిరిగి నట్లు ఏరుకునేవాడు.

రెండేళ్ల కిందట మా ఆవిడకు రొమ్ములో గడ్డ తీశారు. ఆ తర్వాత వేలూరు ఆసుపత్రిలో వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. ఒక్కరోజు కూడా తప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చిత్తూరు నుంచి వేలూరు గంట దారి. బస్సు కుదుపులకు కుట్లు లాగేవి. ఒకరోజు అద్దె కారు మాట్లాడితే ఆ డ్రైవరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. మా వంతు దాటిపోయి, బతిమాలి సాయంత్రం చేయించుకుని వచ్చాం. ఇంక మా బండిలోనే పోదామంది ఆమె. అంతకుముందు ఏడాది కొన్న టర్బో డీజిల్ బండి అది. టర్బో అంటే ఏమిటని కొన్న కొత్తలో అడిగితే మేస్త్రి, “కొలిమికి తిత్తి ఉంటాది సూడండి, అట్లాంటిది. ఇంజన్‌కి గాలి ఊదతాది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే పరుగు ఎక్కువ” అన్నాడు.

మూడో రోజు నరహరిపేట దాటాక మొదటిసారి జరిగింది. ముందు బెల్లం లోడు లారీ నెమ్మదిగా పోతోంది. ఎదురుగా తమిళనాడు బస్సు చాలా దూరంలో ఉంది. దాటుదామని పక్కకు తీసి తొక్కాను. లారీ సగానికి వచ్చేసరికి బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది. తొక్కుతున్నాను, పోవడం లేదు. రెండు క్షణాలో మూడు క్షణాలో. బస్సు లైట్లు వేసి హారన్ కొడుతోంది. కాలు తీశాను, ఒక కుదుపు కుదిపి మళ్లీ ఏమీ జరగనట్టు ముందుకు దూకింది. లారీ ముందుకు వచ్చి ఎడమకు ఎట్లా తిప్పానో నాకు గుర్తు లేదు. బస్సు గాలి మాత్రం అద్దానికి తగిలింది.

వెనక సీటులోంచి మా ఆవిడ అంది: “బండికి ఎక్కిళ్లా ఏమి?”

పక్కకు ఆపి బానెట్ తీసి చూశాను. నాకు తెలిసినంతలో అంతా బాగుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. మర్నాడు రెండుసార్లు వచ్చింది. ఆ మర్నాడు రాలేదు.

షోరూమ్‌లో కంప్యూటర్ తగిలించి చూశారు. ఏ తప్పూ లేదంది అది. టర్బోనే మార్చి చూద్దాం, బండి పది రోజులు వదిలిపెట్టండి అన్నారు. పది రోజులు వదిలితే వేలూరు ఎట్లా పోవాలి? మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి మూడు నెలల కిందటే ఆ బండికి ఆయన సర్వీసు చేశాడు.

చెప్పులు విడిచి, పాదం మోపి నిలబడ్డాడు. నన్ను తొక్కమన్నాడు. ఇంజన్ గొంతు చించుకుంది కానీ తడబడలేదు. డీజిల్ ఫిల్టరు మార్చాడు. గాలి గొట్టాలన్నీ వేళ్లతో ఒత్తి చూశాడు. ఎలుకలు కొరికాయేమోనని వైర్లన్నీ వెతికాడు. మర్నాడు వేలూరు దారిలో మళ్లీ ఎక్కిళ్లు. మళ్లీ షెడ్డు. రెండోసారి పాదం మోపినప్పుడు చాలాసేపు తీయలేదు. టీ అంగడాయన గ్లాసు పట్టుకొచ్చి ఇచ్చి, “ఏం మేస్త్రీ, బండి ఏమంటాండాది?” అని గేలిగా అడిగాడు.

“నా ముందర మంచిదాని మాదిరి నటిస్తాండాదప్పా” అన్నాడు. నవ్వుతూ అనలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. “సార్, అమ్మను దీంట్లో పంపొద్దు.”

“ఇంకా పదిహేడు రోజులు ఉంది మేస్త్రీ. వేరే దారి లేదు.”

టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. “అయితే రేపు నేనూ వస్తా.”

మర్నాడు పొద్దున ఏడింటికి ముందు సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, రెండు పాదాలూ కింద రేకు మీద ఆనించాడు. కాళ్ల కింద పరిచిన మ్యాట్ కూడా తీసి వెనక పడేశాడు.

“మీరు రోజూ ఎట్లా తోలతారో అట్లే తోలండి. నేనుండానని మంచిగా తోలొద్దు” అన్నాడు. వెనక మా ఆవిడ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం నేను విన్నది తక్కువ.

కాట్పాడి దాకా బండి బుద్ధిగా వచ్చింది. ఒక దశలో నాకే విసుగేసి, రావాలి రావాలి అనుకున్నాను. రైల్వే బ్రిడ్జి ఎక్కుతూ ఆటోను దాటబోతుంటే వచ్చింది. వెనక బస్సు మా డిక్కీకి జానెడు దూరంలో హారన్ మోగిస్తోంది. నేను బ్రేకు మీదికి కాలు తెచ్చాను.

“నిలపొద్దు!” అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. “నిలిపి బానెట్ తెరిస్తే పోతాది అది. కాలు తీసి మళ్లా తొక్కండి. ఆ... ఇంకోతూరి. ఇంకా తొక్కండి.”

నాతో కావాలని మరో రెండుసార్లు ఎక్కిళ్లు తెప్పించాడు. మా ఆవిడ కళ్లు మూసుకుని తలుపు పైనున్న పిడిని గట్టిగా పట్టుకుంది. ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి. కాలి వేళ్లు మాత్రం రేకును పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

“ఇది ఇంజన్‌ది గాదు సార్” అన్నాడు బ్రిడ్జి దిగాక. “ఊపిరిది. ఎవురో ముక్కు మూస్తాండారు, వదల్తాండారు.”

మా ఆవిడను లోపలికి పంపి, రెండు పేపరు కప్పుల్లో కాఫీ పట్టుకుని ఆసుపత్రి పార్కింగ్‌కు తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. బానెట్ లేచి ఉంది. ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి, నేల మీద పరిచిన పేపరు మీద పెట్టాడు. మా పేపరే, ఆ రోజుదే. పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను వచ్చినా తల ఎత్తలేదు.

“సార్, ఇది ఏమి రంగు?”

ఫిల్టరు మడతల్లో సన్నటి దారం పోగులు రెండు ఇరుక్కుని ఉన్నాయి.

“పసుపు” అన్నాను.

“ఎవురి పసుపు?”

ఆయన లేచి చూపించాడు. ఇనుప పట్టీకి ఆయన కట్టిన ముడి మూడు నెలల ఎండకూ నీళ్లకూ వదులై, గుడ్డ కొస జానెడు బయటికి వేలాడుతోంది. దాని పక్కనే ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి. బానెట్ తెరిచి ఉన్నంతసేపూ ఆ కొస కిందికి వేలాడుతుంది, ఎవరికీ అడ్డం కాదు. బానెట్ మూస్తే దాని లోపల చప్పుడు తగ్గించడానికి అతికించిన దిండు ఆ కొసను తోసి గొట్టం మూతి మీదికి తెస్తుంది. నెమ్మదిగా పోతే ఏమీ కాదు. గట్టిగా తొక్కితే టర్బో గాలిని లాగుతుంది, గాలితోపాటు గుడ్డ వచ్చి మూతికి అతుక్కుంటుంది. కాలు తీస్తే ఊడిపోతుంది. షెడ్డులో నిలబెట్టి ఎంత తొక్కినా ఇంజన్ మీద బరువు పడదు, టర్బో అంత గట్టిగా గాలీ పీల్చదు. పైగా బానెట్ తెరిచే ఉంటుంది.

“పాత బండ్లకి ఇంత ఊపిరి ఉండేది గాదు” అన్నాడు. “ఇన్నేండ్లుగా కడతాండా. ఏ బండీ మింగలా.”

ఆయన తలుచుకుంటే నేను వచ్చేలోపు ఆ రెండు పోగులనూ ఊది పారేసి, గొట్టంలో ఏదో కాగితం ఇరుక్కుందని చెప్పి ఉండవచ్చు. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన ఫిల్టరులోంచి వాటిని తీయకుండా నాకోసం కూర్చున్నాడు.

జేబులోంచి బ్లేడు తీసి ముడి కోశాడు. ఉక్కు గుండు కింద పడి దొర్లింది. దాన్ని వెతుక్కోవడానికి వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

“ఈ మాదిరి బండ్లు ఇంగా నాలుగుండాయి.”

నాలుగు బండ్ల నంబర్లూ, వాటివాళ్ల ఫోను నంబర్లూ వరుసగా చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. ఒక్కొక్కరికీ నేను ఫోను చేశాను. ఒకటి డాక్టరుది, క్లినిక్ ముందే నిలబడి ఉంది. ఒకటి ఇంట్లోనే ఉందని దాని యజమాని చెప్పాడు. పలమనేరులో ఉన్న మూడోదాని ఆయన, వచ్చే వారం తెస్తానన్నాడు. “వచ్చే వారం గాదు, తాళం తీసి లోపల పెట్టు” అని పక్కనుంచి అరిచాడు మేస్త్రి. నాలుగోది టాక్సీ.

“పొద్దున్నే వచ్చి గాలి పట్టించుకుని పోయినాడు. మదనపల్లోళ్ల కుటుంబం ఉండాది బండిలో. పిల్లోళ్లు గుడక.”

“ఎక్కడికి?” అన్నాను.

“కొండకు.”

తిరుమల ఘాట్ ఎక్కాలంటే తొక్కక తప్పదు. మలుపుల్లో వెనక బస్సులు ఉంటాయి. మేస్త్రి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ. ఆయన ఒక డ్రైవరుకు ఫోను చేయడం నేను చూడడం అదే మొదటిసారి.

“ఎత్తడు సార్” అన్నాడు. “ఎత్తొద్దని నేనే గదా సెప్పింది.”

తిరుపతిలో మా విలేకరి ఒకడున్నాడు, నాకంటే చిన్నవాడు. వాడికి ఫోను చేసి నంబరు చెప్పి, అలిపిరి తనిఖీ దగ్గర ఆ బండిని ఎట్లాగైనా ఆపమన్నాను. ఏమైందన్నా అన్నాడు. తర్వాత చెప్తా, ముందు పో అన్నాను. వేలూరులో నిలబడి మేం చేయగలిగింది ఇంకేమీ లేదు. మేస్త్రి చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, కాలే సిమెంటు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు. కోసిన గుడ్డ పీలిక ఆయన చేతిలోనే ఉంది. నడుస్తూ నడుస్తూ దాన్ని ఎడమ మణికట్టుకు చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. చివరికి పళ్లతో కొస పట్టి ముడి వేసుకున్నాడు. తాను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు.

ఇరవై నిమిషాలకు మా వాడి ఫోను వచ్చింది.

“దొరికినాడన్నా, వరుసలో ఉండాడు. కానీ బానెట్ తీయనీడు.”

వెనక నుంచి టాక్సీ డ్రైవరు గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: “మేస్త్రి కట్టింది తీసేదానికి నువ్వెవురప్పా? పేపరోడివైతే పేపర్లో రాసుకో పో!”

మేస్త్రి నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. “నేనేరా.”

“నేనంటే ఎవురు?”

“మేస్త్రిని.”

“ఓహో! మేస్త్రి ఎప్పుడన్నా దావలో ఉండే డ్రైవరుకు ఫోను సేసినాడా? ఎవురో ఆయన మాదిరి మాట్లాడతాండారు. పొండప్పా, వరుస కదల్తాండాది.”

“రేయ్! పొద్దున నీ వెనక టైరులో గాలి తక్కువుంటే ఏమన్నా నిన్ను?”

మేస్త్రి ఆగలేదు.

“బియ్యం మూట మాదిరి కూకుంటావు గానీ, దిగి టైరు సూడవు అన్నానా, ల్యాదా?”

“...మేస్త్రీ! మీరేనా? ఏమైంది?”

“బండి మెట్ట ఎక్కేటప్పుడు ఎక్కిళ్లు పెడతాండాదా?”

“చంద్రగిరి దగ్గర రెండు తూర్లు పెట్టింది. లోడు ఎక్కువైందనుకున్నా.”

“లోడు గాదు. నా ముడి. నేను కట్టిందే గాలికి అడ్డం పడతాండాది. నా తప్పు. బానెట్ తీసి కోసెయ్.”

“కోసేదా? స్వామి ముందర నిలబడుకోనా? నాకు సెయ్యి రాదు మేస్త్రీ.”

“నాకూ రాలా. ఇందాకే కోసినా. కొయ్.”

బానెట్ లేచిన చప్పుడు వినిపించింది. పిల్లలెవరో ఏమిటది ఏమిటది అంటున్నారు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. మేస్త్రి ఫోనును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

“కోసినా.”

“గుండు?”

“సేతిలో ఉండాది.”

“జోబీలో ఏసుకో. ఇంగ పో. సూసుకోని పో. పైకి సేరినాక నాకు ఫోను సెయ్యి.”

మా ఆవిడ బయటికి వచ్చేసరికి ఫిల్టరు బిగించి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కాట్పాడి బ్రిడ్జి మీద నన్ను గట్టిగా తొక్కమన్నాడు. బండి ఊపిరి తెగకుండా ఎక్కింది. ఆయన ముఖంలో సంతోషం లేదు. ఒళ్లో ఉన్న ఫోను వైపే చూస్తున్నాడు.

“మేస్త్రీ, మణికట్టుకు అదేమి?” అంది మా ఆవిడ.

అప్పుడు చూసుకున్నాడు. విప్పబోయి ఆగాడు. “వాడు సేరనీ అమ్మా.”

“అసలు ఆ ముడి ఏ దేవుడిది?”

నేను ఏళ్ల తరబడి అడిగినా చెప్పనిది ఆమెకు చెప్పాడు. పని నేర్చుకున్న కొత్తలో ఒక లారీ చక్రం నట్లు చివరిసారి గట్టిగా బిగించడం మరిచిపోయాడు. బిగించానా లేదా అని మధ్యలో అనుమానం వచ్చింది, బిగించే ఉంటానులే అనుకుని పంపేశాడు. భాకరాపేట ఘాట్‌లో చక్రం ఊడింది. డ్రైవరుకు మోకాలి కింద కాలు తీసేశారు. అప్పటి నుంచి అన్ని నట్లూ రెండోసారి తాకితే తప్ప ముడి వేయకూడదని పెట్టుకున్నాడు. ముడి ఉందంటే చూసినట్టు, లేదంటే చూడనట్టు.

“దేవునిది గాదమ్మా. నా మతిమరుపుది” అన్నాడు. “అదే పోయి ముక్కు మూసింది.”

నరహరిపేట దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. “సేరినాము మేస్త్రీ” అన్న మాట నాకూ వినిపించింది. ఆయన సరేనని కూడా అనకుండా పెట్టేసి, ఆ గుడ్డను పళ్లతో విప్పి, కిటికీలోంచి కాదు, జేబులో వేసుకున్నాడు.

మిగిలిన రోజులన్నీ బండి మాట వింది. ఒక్క రోజూ తప్పకుండా మా ఆవిడ వైద్యం ముగిసింది. మేస్త్రి మాత్రం తాను ముడి కట్టిన బండి ఎక్కడ కనిపించినా, టర్బోది కాకపోయినా, ఆపి కోశాడు. గాంధీ బొమ్మ దగ్గర ట్రాఫిక్‌లో బ్లేడు పట్టుకుని బండ్లకు అడ్డం పడే ఆయన్ను చూసి జనం నవ్వేవారు. కొందరు కోయనివ్వలేదు. ఇన్నాళ్లూ ఇదే కాపాడింది, నీకేమన్నా పిచ్చా అన్నారు. ముడి వేయని మేస్త్రి ఎందుకని షెడ్డుకు రావడం మానేసినవాళ్లూ ఉన్నారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆయనే చెప్పేవాడు: నా ముడి వల్ల ఒక బండి సచ్చేదానికి పొయ్యింది అని. అంత వివరంగా చెప్పాల్సిన పని లేదు కదా అన్నాను ఒకసారి. “మీరు పేపర్లో తప్పు రాస్తే మర్నాడు ఏం సేస్తారు సార్?” అన్నాడు. సవరణ వేస్తాం అన్నాను, చిన్న అక్షరాల్లో, లోపలి పేజీలో. “నాకు లోపలి పేజీ లేదు” అన్నాడు.

ముడి మానలేదు. తావు మార్చాడు. నట్లన్నీ రెండోసారి తాకాక, ఆ పీలికను తన మణికట్టుకే కట్టుకునేవాడు. “సేరినాక ఫోను సెయ్యండి” అని తాళం ఇచ్చేవాడు. ఫోను వస్తే విప్పేవాడు. తాను మాత్రం చేయడు, తోలుతూ ఉంటారేమోనని. ఒక్కోరోజు ఎడమ చేతికి నాలుగు ముడులు ఉండేవి.

“ఏం మేస్త్రీ, సేతి నిండా పసుపు. పెండ్లికొడుకువా?” అనేవాడు టీ అంగడాయన.

“ఆ. నలుగురు పెండ్లాలు. అందురూ దావలో ఉండారు.”

ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, సోమవారం, ఆయిల్ మార్చడానికి బండి తీసుకెళ్లాను. మనిషి చిక్కిపోయాడు. దగ్గు. చెప్పులు విడిచి, నిలబడలేక స్టూలు మీద కూర్చుని బంపరు మీద పాదం పెట్టాడు. అన్నీ రెండోసారి తాకి, ముడి వేసుకుని, “సేరినాక ఫోను సార్” అన్నాడు. ఆయన షెడ్డు నుంచి మా ఇల్లు పది నిమిషాలు. ఇంటికి వచ్చేసరికి ఎవరో బంధువులు వచ్చి ఉన్నారు. కాఫీలు, మాటలు. ఫోను జేబులోనే ఉండిపోయింది.

గురువారం నేనూ మా ఆవిడా ఆయన ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. పాదాలు దుప్పటి బయటే ఉన్నాయి. ఆయన భార్య మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

“ఆ సేతికున్నది విప్పుతానంటే వద్దన్నాడమ్మా, ఆసుపత్రిలో గుడక. ఎవురిదో బండి ఇంగా సేరలేదంట. నువ్వే ఫోను సేసి కనుక్కోరాదా అంటే, తోలతా ఉంటారేమో, సేయగూడదు అన్నాడు. మూడు దినాలు తోలతారా తల్లీ ఎవురన్నా?”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. చెవి అబద్ధం చెబుతుందన్నాడు గదా అని, లేచి, కాళ్ల వైపు వెళ్లి, ఆయన పాదం మీద చెయ్యి పెట్టాను.

“చేరినాము మేస్త్రీ” అన్నాను.

తర్వాత ఎడమ చెయ్యి అందుకుని ముడి విప్పడం మొదలుపెట్టాను. చాలా గట్టిగా వేసుకున్నాడు. నా వేళ్లకు చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.